రోలర్ కోస్టర్ చైన్: గడువుకి మార్చాలా, అరుగుదల చూసి మార్చాలా?

మారతహళ్లి తెలుగు: మొన్న ఆదివారం బెంగళూరు శివార్లలోని ఒక పార్కులో కోస్టర్ ఎత్తెక్కుతూ సగంలో ఆగింది. పక్క మెట్ల మీదుగా అందర్నీ దింపారు. బండిని పైకి లాగే చైన్ సమస్యట. నా మాట ఒక్కటే, ఇన్నేళ్లకని గడువు పెట్టి చైన్ మార్చెయ్యాలి. పిల్లలెక్కే చోట "ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే" అనుకోకూడదు.

పీణ్య ఫిట్టర్: అన్నా, నేను ఒప్పుకోను. చైన్ వయసు క్యాలెండర్‌లో తెలీదు. రోజుకెన్ని ట్రిప్పులు, ఎంత బరువు, గ్రీజు సరిగ్గా పడుతోందా, దుమ్మెంత అన్నవే దాన్ని తేలుస్తాయి. చైన్ సాగిందంటాం గానీ, నిజానికి లింకుల్ని కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్‌లు అనే చిన్న గొట్టాలు అరిగి లింకుల మధ్య దూరం పెరుగుతుంది. అప్పుడది స్ప్రాకెట్, అంటే చైన్‌ని తిప్పే పళ్ల చక్రం, పళ్ల మీదికెక్కుతుంది. బిగించి పట్టి కొలవాలి. కొత్తలో 1000 మి.మీ. ఉన్న లింకుల వరస 1020కి వస్తే 2 శాతం అరిగినట్టు. ఎంతవరకు ఆగొచ్చో తయారీదారు మాన్యువల్ చెబుతుంది. పైగా అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే అదీ తొందరగా పోతుంది. గడువుకి మార్చేవాళ్లు చాలామంది ఈ సంగతి చూడరు.

మారతహళ్లి తెలుగు: టేపుకి పగులు దొరుకుతుందా? లింకు పక్క రేకులో (సైడ్ ప్లేట్) సన్నని పగులుంటే పొడవు మారదు. 2007లో ఒసాకాలో కోస్టర్ ఇరుసు విరిగి ఒకరు చనిపోయారు. ఆ ఇరుసుని 15 ఏళ్లుగా మార్చలేదు. అది చైన్ కాదు, నిజమే. కానీ లోహం అలసిపోయే తీరు ఒకటే కదా.

తాంబరం నుంచి: మీరిద్దరూ చైన్ దగ్గరే ఆగిపోయారు. చాలా కోస్టర్లలో ఎక్కేటప్పుడు వినిపించే టకటక చైన్‌ది కాదు. బండి వెనక్కి జారకుండా ట్రాక్ పళ్ల మీద పడే కొక్కేలది. చైన్ తెగితే ప్రాణాలు కాపాడేవి అవే. 1972లో లండన్ బాటర్‌సీ పార్క్‌లో కోస్టర్ బండి దాన్ని పైకి లాగే తాడు నుంచి విడిపోయింది. వెనక్కి జారకుండా ఆపాల్సిన బ్రేకు పట్టుకోలేదు. ఐదుగురు పిల్లలు పోయారు. ఆ పిల్లల సంగతి తలుచుకుంటే, చైన్ ఎప్పుడు మార్చారన్నది నాకు రెండో ప్రశ్న. ఈ పొద్దున కొక్కేలు, వాటి స్ప్రింగులు ఎవరు చూశారన్నది మొదటిది.

పీణ్య ఫిట్టర్: మీరన్నది సరే, కొక్కేలే ముందు. పగుళ్లకి కూడా టేపు చాలదు, మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్, అంటే అయస్కాంతం, ఇనుప పొడితో పగుళ్లు పట్టే పరీక్ష, చేయించాలి. ఆ టెస్టులకి మాత్రం గడువు పెట్టండి, అడ్డు చెప్పను. చైన్‌కి వద్దు.

మారతహళ్లి తెలుగు: ఆ కొలతలు, టెస్టు తేదీలు క్యూ దగ్గర బోర్డు మీద రాసి పెడితే నా గడువు మాట వెనక్కి తీసుకుంటాను. అప్పటిదాకా తీసుకోను.