మధ్యాహ్నం అయితే కంప్యూటర్ ఆగిపోతోంది, నిజంగా మదర్‌బోర్డే పోయిందంటారా?

ఒంగోలు_మేడమీద:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు, పై అంతస్తు, నెత్తిన రేకులు. డెస్క్‌టాప్ కొని పదేళ్లు దాటింది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. పొద్దున బాగానే పనిచేస్తుంది. మధ్యాహ్నం పిల్లోడు వీడియో క్లాసు పెట్టుకున్న పది నిమిషాలకు టప్పున ఆగిపోతుంది. వెంటనే ఆన్ చేస్తే మళ్లీ ఆగుతుంది, గంట వదిలేస్తే వస్తుంది. షాపులో మదర్‌బోర్డు పోయింది, 4,500 అవుతుందన్నారు. ఏం చేయమంటారు?

చీమకుర్తి_రాయి:
ఆగన్నా, డబ్బులు జేబులోనే ఉండనీ. బోర్డే పోయుంటే పొద్దునపూట అంత మర్యాదగా ఎందుకుంటుంది? అది వేడి. ప్రాసెసర్ వంద డిగ్రీల దరిదాపులకు వచ్చిందంటే ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా మెషీన్‌నే ఆపేస్తుంది.

మా ఊళ్లో గ్రానైట్ దుమ్ము సంగతి తెలిసిందేగా. కిటికీలు మూసినా కీబోర్డు మీద వేలితో పేరు రాయొచ్చు. మూడు నెలలకోసారి కేబినెట్ తెరవకపోతే నాకు గడవదు. ప్రాసెసర్ మీద ఫ్యాన్ పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, నమ్మొద్దు. దాని కింద అల్యూమినియం రెక్కలుంటాయి. వాటి మధ్య దుమ్ము దుప్పటిలా పరుచుకుంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి ఆ రెక్కల్లోకి దిగదు.

ఒంగోలు_మేడమీద:
కింద పంక్చర్ షాపులో గాలి కొట్టే మిషన్ ఉంది. తీసుకెళ్లి కొట్టించనా?

మైపాడు_గాలి:
వద్దు, వద్దు! నేను అదే పని చేసి ఓ బోర్డు పోగొట్టుకున్నా. ఆ ట్యాంకులో నీళ్లు చేరి ఉంటాయి, గాలితో పాటు తుంపర కూడా వస్తుంది. పైగా ఆ వేగానికి ఫ్యాన్ రయ్యిమని తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

చీమకుర్తి_రాయి:
కరెక్టు. మెత్తటి పెయింట్ బ్రష్, చేత్తో పట్టుకునే చిన్న బ్లోయర్ చాలు. ముందు ప్లగ్గు పీకెయ్. పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఫ్యాన్ తిరక్కుండా వేలు అడ్డం పెట్టి గాలి కొట్టు. పని వరండాలో పెట్టుకో, ఇంట్లో చేస్తే మా ఆవిడ లాగే మీ ఆవిడా తిడుతుంది.

కావలి_అక్క:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఇంట్లో కేబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. చెప్పులేసుకుంటే ఉండదు. అందరూ అది మామూలే అంటారు. నిజమేనా?

రిటైర్డ్_మాస్టారు_కందుకూరు:
మామూలే అని వదిలేయకమ్మా. మీ ప్లగ్గుకు ఎర్త్ అందడం లేదు. కంప్యూటర్ పవర్ సప్లైలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొంచెం కరెంటు ఎప్పుడూ ఇనుప డబ్బాకు వస్తుంది. అది ఎర్త్ వైరులోంచి భూమిలోకి పోవాలి. దారి లేకపోతే మీ చేతిలోంచి పోతుంది. మా ఇంట్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంది కదా అని ధీమాగా ఉన్నా. ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే పై రంధ్రం వెనక వైరే లేదు! వైరు వేయించాక ఎండాకాలంలో మళ్లీ జివ్వుమంది. ఎర్త్ గుంత ఎండిపోయిందన్నమాట. మన ప్రాంతపు నేలకు ఏప్రిల్, మే నెలల్లో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయాల్సిందే.

మైపాడు_గాలి:
మీది దుమ్ము గోల, మాది ఉప్పుగాలి గోల. సముద్రం పక్కన స్క్రూలు కూడా తుప్పు పడతాయి. నేను గమనించింది ఒకటుంది. రోజూ వాడే కంప్యూటర్ బాగానే ఉంటుంది, ప్లాస్టిక్ కవరు కప్పి నెలల తరబడి మూలన పెట్టిందే పోతుంది. ఆన్‌లో ఉన్నప్పటి వెచ్చదనానికి లోపలి చెమ్మ ఆరుతుంది. అందుకే వాడకపోయినా వారానికోసారి గంటసేపు ఆన్ చేసి పెడతా. ప్లాస్టిక్ బదులు పాత చీర కప్పుతా. తుఫాను కబురొస్తే కరెంటు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా పీకేస్తా, పిడుగు దాంట్లోంచీ వస్తుంది.

ఒంగోలు_మేడమీద:
బాబోయ్. కేబినెట్ తెరిచేముందు ఫోటోలు కాపీ చేసుకోవాలా? మావన్నీ డి డ్రైవ్‌లో భద్రంగానే ఉన్నాయి.

రిటైర్డ్_మాస్టారు_కందుకూరు:
అక్కడే చాలామంది దెబ్బతింటారు. మీ ఇంట్లో సి, డి రెండూ ఒకే హార్డ్ డిస్కులో గీత గీసిన రెండు గదులై ఉండొచ్చు. విండోస్ పాడై సి ఫార్మాట్ చేసినా డి మిగులుతుంది, నిజమే. డిస్కే పోతే మాత్రం రెండూ పోతాయి. మా అమ్మాయి పెళ్లి ఫోటోలు నేను అలాగే పోగొట్టుకున్నా. బయటి డిస్కులో ఒక కాపీ పెట్టి, దాన్ని పీకి బీరువాలో దాచండి. ఎప్పుడూ తగిలించి ఉంచితే వైరస్ వచ్చినప్పుడు అదీ పోతుంది.

కావలి_అక్క:
ఇంతకీ ఆ పాత మెషీన్ మీద ఖర్చు పెట్టడం దండగ కాదా? విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నాలుగో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు.

చీమకుర్తి_రాయి:
దుమ్ము దులపడానికి ఖర్చేముందక్కా? కాకపోతే ఆ మెషీన్‌లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. పిల్లోడి క్లాసులకే అయితే ఓ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కన్నా వేగంగా పనిచేసే డిస్కు), ఇంకో 4 జీబీ ర్యామ్ వేసి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించుకున్నా సరిపోతుంది.

ఒంగోలు_మేడమీద:
ఆదివారం తెరిచా. చీమకుర్తి అన్న చెప్పిన దుప్పటి అక్షరాలా ఉంది, చేటెడు దుమ్ము. దాన్ని దులిపాక అసలు దొంగ దొరికాడు. ఫ్యాన్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి పైకి లేచి ఉంది. అంటే ఆ మూల హీట్‌సింక్, అదే ఆ అల్యూమినియం రెక్కల దిమ్మ, ప్రాసెసర్‌కు ఆనడమే లేదు. ప్రాసెసర్ వేడి హీట్‌సింక్‌కు అందడానికి మధ్యలో పూసే పాత పేస్టు తుడిచి, కొత్తది కందిగింజంత పెట్టి, నాలుగూ టక్కుమనేదాకా నొక్కా. నిన్న మధ్యాహ్నం మూడు గంటలు ఆగకుండా నడిచింది. పేస్టు, బ్రష్ కలిపి 180 రూపాయలు.

చీమకుర్తి_రాయి:
శభాష్. ఆ రేకుల కింద మధ్యాహ్నం టేబుల్ ఫ్యాన్ ఒకటి దాని పక్కన తిప్పు. గోడకు జానెడు దూరం జరుపు.

కావలి_అక్క:
మాస్టారూ, ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లాడు. మా ఇంట్లోనూ సాకెట్ వెనక వైరు లేదు. మొత్తం ఇంట్లో ఫ్రిజ్ దగ్గర ఒక్కచోటే ఉందట.