సింగర్ టవర్ కూల్చివేత: తప్పేనా, తప్పనిసరా?

ఉక్కుదూలం:
ఈ ఫోరంలోనే వేరే చర్చలో "సింగర్ బిల్డింగ్‌ని కూల్చడం న్యూయార్క్ చేసిన పెద్ద పాపం" అని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను, అందుకే విడిగా మొదలుపెడుతున్నా. తెలియనివాళ్ల కోసం: బ్రాడ్‌వే, లిబర్టీ స్ట్రీట్ మూల. కుట్టుమిషన్ల సింగర్ కంపెనీకి ఎర్నెస్ట్ ఫ్లాగ్ గీసిన ఆఫీసు. 1908లో పూర్తయింది, 612 అడుగులు. 1909లో 700 అడుగుల మెట్రోపాలిటన్ లైఫ్ టవర్ వచ్చేదాకా లోకంలోకెల్లా ఎత్తైన భవనం. 1967లో కూల్చడం మొదలైంది. పక్కనున్న సిటీ ఇన్వెస్టింగ్ బిల్డింగ్‌నీ తీసేసి, మొత్తం బ్లాకులో యూ.ఎస్. స్టీల్ 54 అంతస్తుల భవనం కట్టింది. ఇప్పుడు దాని పేరు వన్ లిబర్టీ ప్లాజా.

నా వాదన ఒక్క గుణకారంలో తేలిపోతుంది. సింగర్ టవర్ ఒక్కో పక్క 65 అడుగులు. అంటే అంతస్తుకి 4,225 చదరపు అడుగులు, అదీ గోడలు, స్తంభాలు, లిఫ్టులు, మెట్లు అన్నీ కలుపుకుని. కొత్తదాంట్లో అంతస్తుకి దాదాపు 37,000. అంత చోటు కావాల్సిన కంపెనీ సింగర్ టవర్‌లో తొమ్మిది అంతస్తులు తీసుకోవాలి. ఫైలు పట్టుకుని ఆరో అంతస్తు పైకి పోవాలంటే లిఫ్టు కోసం కాసుక్కూర్చోవాలి. ఇక ఏసీ సంగతి. 1908 భవనంలో డక్టులకి దారి వదల్లేదు. నిలువు డక్టుకి ప్రతి అంతస్తులోనూ స్లాబు కొయ్యాలి, ఉన్న కొంచెం చోటులోంచే దానికీ ఇవ్వాలి. అడ్డంగా లాగితే ఫాల్స్ సీలింగ్ కిందికి దిగి కిటికీ పైభాగాన్ని మింగేస్తుంది. అద్దెకుండేవాడు ఎందుకు వస్తాడు?

పాతగోడ:
ఉక్కుదూలం గారూ, గుణకారం కరెక్టే, గుణించిన అంకే సగం. టవర్ ఒక్కటే భవనం కాదండీ. దాని కాళ్ల దగ్గర 14 అంతస్తుల వెడల్పాటి భాగం ఉంది, పెద్ద అంతస్తులు కావాల్సినవాళ్లకి అది. టవర్ స్థలంలో సుమారు ఆరో వంతు మాత్రమే ఆక్రమించింది. ఫ్లాగ్ కావాలనే అలా చేశాడు. ఎత్తు ఎంతైనా పోండి, కానీ స్థలంలో పావు వంతు దాటకండి, వీధికి వెలుతురు మిగల్చండి అన్నది ఆయన పట్టు. ఎక్కడ ఎంత కట్టొచ్చో చెప్పే 1916 జోనింగ్ చట్టంలో పావు వంతు స్థలం మీద ఎత్తుకి హద్దు లేకుండా టవర్ కట్టుకోవచ్చన్న నిబంధన వచ్చింది. చట్టం రాకముందే ఆ పద్ధతిలో కట్టి చూపించిన భవనాన్ని కూల్చారన్నమాట.

అంతస్తు చిన్నదని పోలేదు అది. 1961 జోనింగ్ వల్ల పోయింది. అంతస్తులన్నీ కలిపి స్థలం విస్తీర్ణానికి 15 రెట్లు కట్టుకోవచ్చు, ముందు ఖాళీ ప్లాజా వదిలితే ఇంకో 20 శాతం, అంటే 18 రెట్లు. ఆ బోనస్ కావాలంటే స్థలం ఊడ్చేసి నడిమధ్యన డబ్బాలాంటిది నిలబెట్టాలి. పాత భవనం ఉండగా అది కుదరదు. దక్షిణాన ఉన్న 33,000 చదరపు అడుగుల పార్కు, 2011లో ఆక్యుపై వాల్‌స్ట్రీట్ నిరసన జనం కూర్చున్న జుకోటీ పార్క్, ఆ బేరంలో వచ్చిందే.

దారపుబాబిన్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. లాబీ గురించి ఎవరూ చెప్పట్లేదు. పాలరాయి తొడిగిన స్తంభాలు, అంచుల వెంట కంచు పూసల వరస, పైన గుండ్రటి కంచు బిళ్లలు. ఒక బిళ్ల మీద సింగర్ ముద్ర, పక్క స్తంభం బిళ్ల మీద సూది, దారం, బాబిన్, మళ్లీ ముద్ర. స్తంభాల మధ్య పైన చిన్న చిన్న గుమ్మటాలు. మన ఇళ్లల్లో నల్ల మిషను మీద బంగారు రంగులో చూసిన పేరే కదా అది.

గాలివాటం:
"అరవయ్యేళ్ల పాత కట్టడం, ఎలాగూ బలం తగ్గి ఉంటుంది" అని ఆ వేరే చర్చలో ఒకాయన రాశాడు. అది మాత్రం పచ్చి తప్పు. ఎందుకో చెబుతా.

ఆ నేల కింద నీళ్లు, ఊబి ఇసుక. గట్టి పొర సుమారు 90 అడుగుల లోతున. మామూలుగా గొయ్యి తవ్వితే నీళ్లు నిండి పక్క భవనాల కింది ఇసుక కూడా జారిపోతుంది. అందుకని కైసన్లు దించారు. కింద మూత లేని పెట్టెలాంటిది, లోపలికి గాలిని ఒత్తిడితో పంపి నీళ్లని బయటే ఆపుతారు. కూలీలు ఎయిర్‌లాక్ (గాలి ఒత్తిడి మెల్లగా మార్చే గది) గుండా దిగి అడుగున తవ్వుతుంటే పెట్టె తన బరువుకి కిందికి జారుతుంది. గట్టి పొర తగిలాక లోపలంతా కాంక్రీటుతో నింపేస్తారు. ఇందులో అసలు ప్రమాదం పైకొచ్చేటప్పుడు. ఒత్తిడి గబగబా తగ్గిస్తే రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తాయి, మనిషి పోవచ్చు కూడా.

రెండోది గాలి. 612 అడుగుల ఎత్తుకి 65 అడుగుల పాదం. గట్టిగా వీస్తే ఎదురు పక్క స్తంభాలు కిందికి నొక్కుకుంటాయి, గాలి కొట్టే పక్కవి పైకి లేవాలని చూస్తాయి. అందుకని లేచే స్తంభాలను ఉక్కు కడ్డీలతో కైసన్ కాంక్రీటులోకి లంగరు వేశారు. ఏటవాలు బ్రేసింగు, అంటే గాలికి ఊగకుండా పట్టే అడ్డ ఉక్కు దూలాలు, టవర్ నాలుగు మూలల్లో పెట్టారు. అందుకే మూలలు బరువైన ఇటుక గోడలు, మధ్యలో ఎత్తైన అద్దాలు. ఆ ముఖం అందం కోసం గీసింది మాత్రమే కాదు, లోపలున్న ఉక్కు బయటికి అలా కనపడింది.

ఉక్కుదూలం:
బలం గురించి నేనేం అనలేదు, గాలివాటం గారితో ఏకీభవిస్తా. నా ప్రశ్న డబ్బు గురించి. సింగర్ కంపెనీయే 1961లో అమ్మేసి రాక్‌ఫెల్లర్ సెంటర్‌కి పోయింది. కొన్న రియల్ ఎస్టేట్ వ్యాపారి విలియం జెకెన్‌డార్ఫ్ ఆ చోటికి స్టాక్ ఎక్స్ఛేంజ్‌ని తేవాలని చూశాడు, కుదరలేదు. 1964లో యూ.ఎస్. స్టీల్ చేతికొచ్చింది. కట్టించిన వాళ్లకే అక్కర్లేనిది ఎవరు మొయ్యాలి?

లెక్కలమాస్టారు:
సరిగ్గా అక్కడే ఉంది చిక్కు. తేదీలు వరసగా పెట్టి చూడండి.

1963లో న్యూయార్క్ పాత రైల్వే స్టేషన్ పెన్ స్టేషన్‌ని కూల్చడం మొదలైంది, గోల పుట్టింది. 1965లో పాత భవనాల్ని కాపాడే లాండ్‌మార్క్స్ చట్టం, దాన్ని నడిపే కమిషన్ వచ్చాయి. చట్టం వచ్చాకే సింగర్ కూలింది, కాబట్టి "అప్పటికి చట్టం లేదు" అనే సాకు చెల్లదు. కమిషన్ గుర్తింపు ఇవ్వలేదు, అంతే. ఎందుకివ్వలేదంటే, గుర్తింపు ఇచ్చాక ఆస్తి మీద 6 శాతం రాబడి రావట్లేదని యజమాని చూపిస్తే నగరం పన్ను తగ్గించాలి, లేదా కొనేవాణ్ని వెతకాలి, లేదా తనే కొనాలి. కమిషన్ డైరెక్టర్ అలాన్ బర్నమ్ అప్పట్లో చెప్పిన కారణం కూడా ఇదే.

1968లో జోనింగ్ మార్చి, గుర్తింపు పొందిన భవనం తన మీద కట్టని విస్తీర్ణాన్ని పక్క స్థలాలకి అమ్ముకోవచ్చన్నారు. మన దగ్గర రోడ్డు వెడల్పుకి స్థలం వదిలినవాళ్లకి టీడీఆర్ (వేరేచోట కట్టుకునే, అమ్ముకునే హక్కు) ఇస్తారే, దాదాపు అదే సూత్రం. అప్పటికి సింగర్ మీద గ్యాస్ కట్టర్లు నడుస్తున్నాయి. ఏడాది ముందొస్తే యజమానికి ఇంకో దారి ఉండేది.

పాతగోడ:
మాస్టారు చెప్పినదానికి తోడు: సింగర్ తోటిదే వూల్‌వర్త్ బిల్డింగ్, 1913ది. 2012లో దాని పైభాగాన్ని ఇళ్లుగా మార్చడానికి అమ్మారు. ఆఫీసుకి ఇరుకైన అంతస్తు ఇంటికి వరం. కిటికీ నుంచి మధ్య లిఫ్టుల దాకా దూరం తక్కువ, ఏ గదికీ చీకటి ఉండదు. ఉక్కుదూలం గారి 4,225 చదరపు అడుగులే ఇవాళ అమ్మకానికి పెట్టే గుణం.

ఉక్కుదూలం:
ఇవాళ అన్నారు, 1967లో కాదు. ఆ ప్రాంతంలో ఆఫీసుల్ని ఇళ్లుగా మార్చేవాళ్లకి పన్ను రాయితీ 1995లో వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఖాళీ టవర్‌కి లిఫ్టు, బాయిలర్ ఖర్చు ఎవరు పెడతారు?

ఇంకొకటి, ఆ కట్టని విస్తీర్ణం అమ్మకం ఏదో మంత్రమన్నట్టు మాట్లాడుతున్నారు. స్వచ్ఛందంగా కూల్చిన వాటిలో అత్యంత ఎత్తైనదన్న రికార్డు దశాబ్దాలపాటు సింగర్‌దే. దాన్ని దాటింది 270 పార్క్ అవెన్యూ, 707 అడుగులు, 2019 తర్వాత విప్పేశారు. అక్కడ జేపీ మోర్గాన్ లేపిన 1,388 అడుగుల టవర్‌కి అదనపు విస్తీర్ణం ఎక్కడ కొన్నారు? లాండ్‌మార్క్ గుర్తింపు ఉన్న రైల్వే స్టేషన్ గ్రాండ్ సెంట్రల్ దగ్గర.

లెక్కలమాస్టారు:
కొన్నారు, కాదనను. కానీ గ్రాండ్ సెంట్రల్ నిలబడే ఉంది కదండీ.