బాపుకు ముక్కుల ఇన్వర్టెడ్ పాపిలోమా అన్నరు, ముఖం కోస్తరా?

పర్కాల పిలగాడు:
అన్నలు, అక్కలు జెర చెప్పున్రి. మా బాపుకు 58, ఏడాదిన్నర సంది ఎడమ ముక్కు మూసుకపోయే ఉంటాంది, రాత్రి నోరు తెర్సుకొని పండుకుంటడు. ఆర్ఎంపీ చుక్కల మందు, ఆవిరి, పసుపు పొగ అన్నీ అయినయి. ఒకసారి ముక్కుల కండ పెరిగింది, పాలిప్ అని కోసి తీసిన్రు కూడా, ముక్క మాత్రం పరీక్షకు పంపలే, ఆరు నెలలకే మళ్ల అదే కథ. ఇప్పుడు హన్మకొండల ఇంకో డాక్టర్ బయాప్సీ తీసి ఇన్వర్టెడ్ పాపిలోమా అన్నడు. క్యాన్సర్ కాదంట, కానీ ఎండోస్కోప్ (సన్న కెమెరా గొట్టం) తోని తీసి ఎముక కూడా అరగదీయాలె అంటాండు. క్యాన్సర్ కానప్పుడు ఎముక జోలికి ఎందుకు? మా పెదనాయినకు ఎన్కట ముక్కు పక్కపొంటి కోసిన్రు, ఆ మచ్చ యాది చేసుకొని బాపు భయపడ్తాండు.

ఈఎన్టీ పీజీ:
రిపోర్ట్ చూడకుండ చెప్తున్న, మీ డాక్టర్ మాటే ఫైనల్. పాలిప్స్ ఎక్కువగ రెండు దిక్కుల వస్తయి, ఒక్క దిక్కే ఉంటే అనుమానపడాలె, తీసిన ముక్క పారెయ్యొద్దు. ఈ పాపిలోమా పొర లోపలికి మడతలు పడి పెరుగుతది, పేరు అందుకే. కండ ఎంత పెద్దగున్నా అది పుట్టిన జాగ ఎక్కువగ చిన్నగనే ఉంటది. పైపైన కోస్తే తుమ్మ కొట్టి మొద్దు ఇడిసిపెట్టినట్టే, మళ్ల మొలుస్తది. అందుకే మొదలు కాడ పొర మొత్తం లేపి కింది ఎముకను డ్రిల్ తోని అరగదీస్తరు. సీటీల ఒక్క కాడ ఎముక మందంగ కనిపిస్తే మొదలు అక్కడ ఉండొచ్చు. సైనస్ల (ముక్కు చుట్టు ఎముకల లోపటి గాలి అరల) నిండింది గడ్డనా, ఆగిన చీమిడా అన్నది ఎమ్మారైల తెలుస్తది. నూటికి 5 నుంచి 10 మందిల క్యాన్సర్ కలుస్తది అంటరు, ఊకోవద్దన్నది దానికే. 4 మిల్లీమీటర్ల స్కోప్ ముక్కు రంధ్రంల నుంచే పోతది, నుదుటి సైనస్ చివరికి పాకితే తప్ప బయట కోత అరుదు.

కాజీపేట అక్క:
తమ్మీ, మా అత్తమ్మకు ఇదే అయింది. ఆపరేషన్ కంటే తర్వాత పనే పెద్దది. రోజుకు రెండు మూడు సార్లు కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతోని ముక్కు కడగాలె, లేకుంటే పక్కులు గట్టిపడి వాసన వస్తది. ముక్కు గట్టిగ చీదనియ్యకు. నొప్పి లేదని చెకప్ ఎగ్గొట్టొద్దు, ఏండ్ల తర్వాత కూడా వస్తదట. ఆరోగ్యశ్రీ 10 లక్షలు అయింది గని ఈ ఆపరేషన్ ప్యాకేజీల ఉందో లేదో ముందే ఆరోగ్యమిత్రను అడుగు. హైదరాబాద్ పోతే కోఠిల సర్కారు ఈఎన్టీ దవాఖాన ఉండనే ఉంది.

మంచిర్యాల మామ:
మా చెల్లె కొడుకుకు 14, ఒక్క ముక్కు మూసుకపోయి ఊకె రక్తం కారుతాంది. వానికీ బయాప్సీ చేపియ్యాల్నా?

ఈఎన్టీ పీజీ:
ఆగున్రి మామా! ఆ వయసు మగపిల్లలకు యాంజియోఫైబ్రోమా కావచ్చు, మొత్తం రక్తనాళాల గడ్డ, క్లినిక్ల ముక్క తీస్తే రక్తం ఆగదు. ముందు స్కాన్. అదే అయితే ఆపరేషన్ కు ఒకట్రెండు రోజుల ముందు దానికి రక్తం ఇచ్చే నాళాన్ని మూసేస్తరు. ఆలస్యం చెయ్యకున్రి.

పర్కాల పిలగాడు:
మొదలు ఎక్కడుంది సార్ అని అడిగిన. సీటీ ఫిలిం లైటుకు పెట్టి చూపెట్టిండు, చెంప లోపటి సైనస్ గోడకు తెల్లగ బుడిపె లెక్క ఉంది. బాపు అదంత ఇనలే, మొకం కొయ్యరు గద సారూ అని రెండుసార్లు అడిగిండు. సోమవారం అడ్మిట్.