ఉగాదికి కారులో సీమకి: చుట్టాలిళ్ళు తగ్గించాలా, చూసే ఊళ్ళు తగ్గించాలా?

వేపపూత (రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. ఈసారి (2026) ఉగాది మార్చి 19, గురువారం. శుక్రవారం సెలవు పెడితే ఆదివారం దాకా నాలుగు రోజులు దొరుకుతాయి. కారులో మేమిద్దరం, పిల్లలు (11, 7 ఏళ్ళు), మా అత్తగారు. హైదరాబాద్ నుంచి కర్నూలు (మా ఆయన మేనత్తగారిల్లు), అక్కడి నుంచి అనంతపురం (బావగారిల్లు), చివరికి హిందూపురం (మా అమ్మావాళ్ళు).

పిల్లలకి ఆలంపూర్, బేలుం గుహలు, తాడిపత్రి గుళ్ళు, వీలైతే గండికోట, చివర్లో లేపాక్షి చూపించాలని ఉంది. అన్నీ కుదరవని తెలుసు. ఇంట్లో దీని మీద రోజూ వాదనే. పండగకి వెళ్ళేది మనుషుల్ని చూడటానికి, రాళ్ళని చూడటానికి కాదని ఒకరు. ఎప్పుడూ ఆ హాల్లో టీవీ ముందు కూర్చుని రావడమేనా అని ఇంకొకరు. మీరైతే ఏది తగ్గిస్తారు?

గుత్తి_కోట (రాత్రి 10:05)
చుట్టాలిళ్ళు తగ్గించండి. ఇందులో ఆలోచించడానికేముంది? పదకొండేళ్ళ పిల్లకి ఇది సరైన వయసు. ఇంకో మూడేళ్ళు ఆగితే ఫోన్లోంచి తల ఎత్తదు.

ఆలంపూర్ తప్పకుండా చూడండి. హైవే మీద ఆలంపూర్ చౌరస్తా దగ్గర లోపలికి తిరగాలి. బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలు. పేరుకే బ్రహ్మలు, అన్నిట్లోనూ ఉన్నది శివలింగాలే. పిల్లల్ని అడిగి చూడండి ఎందుకని, మంచి కాలక్షేపం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అక్కడే మళ్ళీ కట్టారు. అదీ చూడండి. గంటన్నర చాలు.

బేలుం సరిగ్గా మీ దారిలోనే ఉంది. గుహలు మొత్తం మూడు కిలోమీటర్ల పైనే, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని తిరగనిస్తారు. అక్కడి నుంచి తాడిపత్రి 30 కి.మీ.

కందనవోలు (రాత్రి 10:31)
బేలుం దారిలో లేదు.

కర్నూలు నుంచి అనంతపురం దారి అంటే డోన్, గుత్తి మీదుగా 44వ నంబరు హైవే. 150 కి.మీ., రెండున్నర గంటలు. బేలుం వెళ్ళాలంటే నంద్యాల రోడ్డెక్కి బనగానపల్లె మీదుగా పోవాలి. అది ఇంకో దారి. ఆ రూట్లన్నిటిలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నాకు మ్యాపు చూపించొద్దు.

గుత్తి_కోట (రాత్రి 10:38)
కర్నూలు–బేలుం 110, బేలుం–తాడిపత్రి 30, తాడిపత్రి–అనంతపురం 60 లోపు. మొత్తం 200. మీ లెక్క ప్రకారమే 50 కిలోమీటర్లు ఎక్కువ. 50 కిలోమీటర్లకి దారి తప్పిందంటారా?

కందనవోలు (రాత్రి 10:52)
కాగితం మీద 50. కొలిమిగుండ్ల దగ్గర సిమెంటు లారీ ఒకటి, నాపరాళ్ళ లారీ ఒకటి ముందర పోతుంటే వాటి వెనకాల పాకినవాడికి తెలుస్తుంది 50 అంటే ఏమిటో. గుహలో రెండు గంటలు. లోపల ఉక్కపోత, పెద్దావిడ దిగలేదు, కాబట్టి పైన ఎవరో ఒకరు ఆమె దగ్గరుండాలి. తాడిపత్రిలో ఇంకో రెండు గంటలు. పొద్దున బయల్దేరిన వాళ్ళు అనంతపురం చేరేసరికి దీపాలు పెట్టేస్తారు. అప్పటికి మీ బావగారింట్లో భోజనం చల్లారి ఉంటుంది.

బొబ్బట్లే_ముఖ్యం (రాత్రి 11:00)
చల్లారినా బొబ్బట్లు బాగానే ఉంటాయి.

సీమ_చీమ (రాత్రి 11:02)
మా దగ్గర వాటిని ఓళిగలు అంటారు. ముందు పేరు నేర్చుకోండి.

పొయ్యి_దగ్గర_నేను (ఉదయం 6:15)
భోజనం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా ఇల్లు ఇదే హైవే మీదుంది, ఊరి పేరు వద్దులెండి. బెంగళూరు పోయేవాళ్ళు, హైదరాబాదు పోయేవాళ్ళు అందరికీ మా ఇల్లు మధ్యలో వస్తుంది. "వదినా, ఊరికే అలా వచ్చి పోతాం, ఏం చెయ్యొద్దు" అని ఫోను. ఏం చెయ్యకుండా ఎలా ఉంటాం? పొద్దున అయిదింటికి లేచి పప్పు నానబెట్టి, ఆరుగురికి వండి కూర్చుంటే రెండింటికి మెసేజ్: "దారిలో ఏదో గుడి చూశాం, అక్కడే తినేశాం."

పోయిన సంక్రాంతికి మా ఆడపడుచు కుటుంబం రాత్రి పదకొండింటికి దిగారు. స్నానం, నిద్ర, పొద్దున ఉగ్గాని బజ్జీ, బయల్దేరడం. నాతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. చార్జర్ మర్చిపోయి దానికోసం మాత్రం మూడుసార్లు ఫోన్ చేశారు.

వేపపూత గారూ, మీ ప్లాన్ చూస్తే నాకదే గుర్తొచ్చింది. మేనత్తగారిల్లు, బావగారిల్లు మీకు డబ్బులివ్వక్కర్లేని లాడ్జిలు. చూడాల్సినవి గుహలూ గుళ్ళూ అయితే రూము తీసుకోండి. గండికోటలో టూరిజం వాళ్ళ హోటల్ ఉంది.

రాత్రి_డ్యూటీ (ఉదయం 7:20)
టోల్‌కి ఫాస్టాగ్ వార్షిక పాసు తీసుకోండి. ఒకసారి కడితే 200 ట్రిప్పులు. మిగతా విషయం నాకు తెలీదు.

గుత్తి_కోట (ఉదయం 8:10)
పొయ్యి గారూ, మీ ఆడపడుచు మర్యాద లేకుండా ప్రవర్తిస్తే ఆ కోపం బేలుం మీద ఎందుకండీ? 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ గుహల గురించి రాశాడు. ఎక్కడినుంచో వచ్చినవాడు చూశాడు, వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న మనం చూడలేదు. చుట్టాలు ఎక్కడికీ పోరు.

కందనవోలు (ఉదయం 8:25)
చుట్టాలు ఎక్కడికీ పోరా? మా పెద్దన్న పోయిన ఏడాది పోయాడు. బేలుం గుహ మాత్రం అక్కడే ఉంది.

గుత్తి_కోట (ఉదయం 8:31)
క్షమించండి. నేను అన్నది ఆ అర్థంలో కాదు.

కందనవోలు (ఉదయం 8:50)
అర్థం ఏదైనా సరే. నా ఇల్లు కర్నూల్లో కొండారెడ్డి బురుజుకి నడిచిపోయేంత దూరం. మా అన్న పిల్లలు బెంగళూరు నుంచి వస్తారు, బురుజు ముందు ఫోటో దిగుతారు, మా ఇంటికొచ్చి ఇరవై నిమిషాలు. కారు ఇంజను ఆపరు, ఏసీ పోతుందని. ఒకడు కార్లోనే ఉంటాడు. బురుజుకి ముప్పావుగంట, నాకు ఇరవై నిమిషాలు. అందుకే ఈ "చూసే ఊళ్ళు" అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మంట.

సీమ_చీమ (ఉదయం 9:05)
బేలుం దారిలో ఉందా లేదా అన్నది తేలిందా ఇంతకీ?

వేపపూత (మధ్యాహ్నం 1:30)
పొద్దున్నుంచి చదువుతున్నాను. లాడ్జి అన్న మాటకి చాలా బాధేసింది. పొయ్యి గారూ, మా ప్లాన్ నేను పైన పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను, మీరే చెప్పండి ఎవరి ఇల్లు లాడ్జి అయిందో.

గురువారం పొద్దున బయల్దేరి, ఆలంపూర్ చూసి, మధ్యాహ్నానికి కర్నూలు. పండగ భోజనం అక్కడే, రాత్రీ అక్కడే. శుక్రవారం బేలుం, తాడిపత్రి చూసుకుని అనంతపురం. శుక్రవారం రాత్రి, శనివారం పగలు, రాత్రి బావగారింట్లో. ఆదివారం పొద్దున హిందూపురం, మధ్యాహ్నం అమ్మ దగ్గర భోజనం, మూడింటికి తిరుగు ప్రయాణం. లేపాక్షి "టైముంటే". 470 కిలోమీటర్లు ఒక్క ఊపున వెనక్కి. సోమవారం ఆఫీసు.

మేనత్తగారికి ఒకటిన్నర పూట, బావగారికి దాదాపు రెండు రోజులు, మా అమ్మకి ఒక్క భోజనం. అదీ జరిగితే.

పోయిన మూడుసార్లూ జరగలేదు. ఒకసారి చిన్నదానికి అనంతపురంలో జ్వరం. ఒకసారి టైరు పోయింది. ఒకసారి ఏమీ పోలేదు, ఆలస్యమైందంతే. మూడుసార్లూ అనంతపురం నుంచే వెనక్కి. హిందూపురం అక్కడికి 110 కిలోమీటర్లు. ప్రతిసారీ అమ్మ ఫోన్లో "పర్లేదులే, పిల్లలు అలిసిపోతారు" అంటుంది. ఓళిగలు చేసి డబ్బాలో పెట్టి బస్సులో పంపించింది ఒకసారి.

కాబట్టి బేలుం దారిలో ఉందా లేదా అని మీరు కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. చుట్టాలిళ్ళు తగ్గించండి అని గుత్తి కోట గారంటే, తగ్గేది ఎవరిల్లో నాకు తెలుసు. చూసే ఊళ్ళు తగ్గించండి అని కందనవోలు గారంటే, ముందు పోయేది లేపాక్షి. దాంతోపాటు హిందూపురం.

కందనవోలు (మధ్యాహ్నం 2:10)
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ కర్నూలు ముందు రావడం, హిందూపురం చివర రావడం రోడ్డు వేసినవాళ్ళ ఇష్టం. అందులో మేనత్తగారి తప్పేముంది? ముందున్న ఇంటికి ముందు పోతారు. పండగ రోజు అత్తగారిని వెంటబెట్టుకుని ఆమె ఆడపడుచు ఇంటి ముందునుంచే దాటిపోతే బాగుంటుందా?

పొయ్యి_దగ్గర_నేను (మధ్యాహ్నం 2:32)
కందనవోలు గారూ, ఇరవై నిమిషాలకి మీరంత ఏడ్చారు కదా. ఆవిడ వాళ్ళమ్మకి మూడేళ్ళుగా సున్నా నిమిషాలు.

వేపపూత, లాడ్జి అన్నందుకు ఏమీ అనుకోకు. వంట గురించి నేనన్నది మాత్రం తప్పు కాదు. ఆ మేనత్తగారు వండుతారు, ఆ తోడికోడలు రెండు రోజులు వండుతుంది, ఆదివారం మీ అమ్మ వండుకుని గుమ్మంలో నిలబడుతుంది. ముగ్గురికీ ముందే కచ్చితంగా చెప్పు, ఏ పూట తింటామో, ఏ పూట తినమో.

నాది కూడా ఒకటుంది. మా అమ్మ ఊరు ఆదోని. నేను వెళ్ళి రెండేళ్ళవుతోంది. ఇల్లు హైవే మీదుంటే వచ్చేవాళ్ళే తప్ప పోయేది ఉండదు.

గుత్తి_కోట (మధ్యాహ్నం 3:00)
ఇది ముందే చెప్పాల్సిందండీ. మేం గుహలూ గుళ్ళూ అనుకుని మాట్లాడుతున్నాం.

అయితే తిరగేయండి. గురువారం పొద్దున అయిదింటికి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా నేరుగా హిందూపురం. మధ్యాహ్నం రెండింటికి అమ్మ చేతి ఉగాది భోజనం. శుక్రవారం పొద్దున లేపాక్షి, పదిహేను కిలోమీటర్లే. శనివారం పొద్దున పెనుకొండ చూస్తూ అనంతపురం, రాత్రి అక్కడ. ఆదివారం పొద్దున్నే బయల్దేరి కర్నూల్లో మధ్యాహ్న భోజనం, చీకటి పడేసరికి ఇల్లు. టైము చాలకపోతే అప్పుడు పోయేది కర్నూలు.

కందనవోలు (మధ్యాహ్నం 3:08)
అంటే మేనత్త ఇల్లు పోవచ్చన్నమాట.

వేపపూత (మధ్యాహ్నం 3:15)
మా అమ్మ ఇల్లు పోయినప్పుడు "రోడ్డు వేసినవాళ్ళ ఇష్టం" అన్నారు కదండీ.

కందనవోలు (సాయంత్రం 5:40)
సరే. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక్క మాట మాత్రం చెప్తా. కర్నూలు పోతుందని ముందే అనుకుంటే మేనత్తగారికి ముందే చెప్పండి. ఎదురుచూడనివాడికి బాధ ఉండదు. ఇంకొకటి, అయిదింటికి కాదు, నాలుగున్నరకి బయల్దేరండి. పండగ పొద్దున పుల్లూరు టోల్ దగ్గర వరస పెరుగుతుంది. రాత్రి మాత్రం బండి తియ్యొద్దు, పిల్లలున్నారు.

బేలుం ఈ ప్లాన్‌లో ఎలాగూ లేదు. నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా.

గుత్తి_కోట (సాయంత్రం 5:44)
అనంతపురం నుంచి కర్నూలుకి తాడిపత్రి, బేలుం మీదుగా కూడా రావచ్చు. 50 కిలోమీటర్లే ఎక్కువ.

సీమ_చీమ (సాయంత్రం 5:45)
మళ్ళీ మొదలు.

వేపపూత (మరుసటి రోజు, రాత్రి 9:10)
నిన్న రాత్రి ఈ చర్చ అంతా మా ఆయనకి చూపించాను. మొత్తం చదివి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నిజంగా 50 కిలోమీటర్లే ఎక్కువా?" అని అడిగారు.

పొయ్యి_దగ్గర_నేను (రాత్రి 9:22)
అత్తగారేమన్నారు?

వేపపూత (రాత్రి 9:35)
పొద్దున నేనే చెప్పాను, ఈసారి పండగ హిందూపురంలో అనుకుంటున్నామని. ఆమె పూలు కడుతున్నారు. ఆడపడుచుకి తనే ఫోన్ చేసి చెప్తానన్నారు. తర్వాత లేపాక్షిలో బసవన్న ఎంత ఉంటుందని అడిగారు. 27 అడుగుల పొడవు, ఒకే రాయి అని చెప్పాను. ఇన్నేళ్ళుగా అనంతపురం దాకా వస్తున్నా తనెప్పుడూ చూడలేదన్నారు.

కందనవోలు (రాత్రి 9:50)
అయితే పొద్దున ఏడింటికల్లా గుళ్ళో ఉండండి. తొమ్మిది దాటితే బండ కాలుతుంది, పెద్దావిడ చెప్పుల్లేకుండా నడవలేదు. కార్లో పాత మేజోళ్ళు పెట్టుకోండి.