అల్యూమినియం కవరుకు 3 మి.మీ. చిల్లు: ఎపాక్సీ మేలా, రాడ్డు మేలా?

ప్రశ్న

చిన్న పెట్రోల్ ఇంజన్ సైడు కవరు, పోత అల్యూమినియం, మందం సుమారు 4 మి.మీ. రాయి తగిలి 3 మి.మీ. చిల్లు పడింది. అక్కణ్ణుంచి సన్నటి పగులు ఒక సెంటీమీటరు దాకా పాకింది. లోపల ఆయిల్ చిమ్ముతుంది గానీ ప్రెషర్ ఉండదు. మామూలు సోల్డర్ పెడితే ఉండకట్టి దొర్లిపోతోంది. వెల్డింగ్ మెషిన్ లేదు, గ్యాస్ టార్చ్ ఉంది. ఏ పద్ధతి నిలుస్తుంది?

జవాబు 1

సోల్డర్ అంటకపోవడానికి కారణం ఆక్సైడ్ పొర. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ కరగాలంటే 2,000 దాటాలి. గీకేసినా గాలి తగలగానే మళ్లీ కమ్ముకుంటుంది.

ప్రెషర్ లేదు కాబట్టి స్టీల్ పొడి కలిసిన రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు చాలు. ముందు పగులు సంగతి చూడండి. కంటికి కనిపించే కొసకు కాస్త అవతల 2 మి.మీ. డ్రిల్ వేయండి, లేకపోతే అతుకు కిందనుంచే పగులు ముందుకు సాగుతుంది. చిల్లు అంచుల్ని రెండు వైపులా ఏటవాలుగా చెక్కితే, గట్టిపడిన ఎపాక్సీ రివెట్టు తలలా రెండు పక్కలా పట్టుకుంటుంది.

అతుకు ఊడేది చాలాసార్లు జిడ్డు వల్లే. ముందు అసిటోన్‌తో తుడవాలి, తర్వాత 80 నంబరు ఎమరీ పేపరు, మళ్లీ అసిటోన్. జిడ్డు ఉండగానే రుద్దితే అది గీతల్లోకి దిగుతుంది. పోత లోహం ఆయిల్ పీల్చుకుని ఉంటుంది. అసిటోన్ పూర్తిగా ఆరాక హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే ఆయిల్ చెమరుస్తుంది. చల్లారాక తుడవండి. తెల్లగుడ్డకు మరక అంటనంత వరకు ఇదే పని.

రెండు భాగాలూ సరిసమానంగా కలపాలి (ప్యాకెట్ మీద వేరే పాళ్లు ఉంటే అవే). హార్డెనర్ (గట్టిపరిచే భాగం) ఎక్కువేస్తే గట్టిపడదు, మెత్తగా మిగిలిపోతుంది. లోపలి వైపు చిల్లుకూ పగులుకూ చుట్టూ 20 మి.మీ. మేర గ్లాస్ ఫైబర్ గుడ్డ పరిచి ఎపాక్సీ పట్టించండి. 24 గంటలు కదపొద్దు. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, ఇంజన్ వేడికి మెత్తబడుతుంది.

జవాబు 2

టార్చ్ వేడితో కరిగించి అతికే రాడ్డుతోనూ అవుతుంది. జింకు-అల్యూమినియం రాడ్డు సుమారు 390 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంట రాడ్డుకు కాదు, కవరుకు పెట్టాలి. కవరు వేడికే రాడ్డు కరగాలి. మంటతో కరిగించిన చుక్క పైన కూర్చుంటుంది, గోరుతో గీరితే ఊడొస్తుంది. కరిగిన మడుగు కిందే స్టెయిన్‌లెస్ బ్రష్‌తో గీకితే, గాలి తగలని చోట పొర చీలి రాడ్డు లోహానికి అంటుతుంది.

ప్రమాదం ఒకటుంది: కరిగే ముందు అల్యూమినియం ఇనుములా ఎర్రబడదు. చూస్తుండగానే అంచు కుంగిపోతుంది. వైస్‌లో బిగిస్తే దవడలు వేడి లాగేస్తాయి, అగ్ని ఇటుక మీద పెట్టండి. నీళ్లు పోసి చల్లార్చొద్దు.

మంట పెట్టే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. కొన్ని ఇంజన్ కవర్లు మెగ్నీషియంవి. పెయింటు గీకి, మెరిసే లోహం మీద వెనిగర్ చుక్క వేయండి. వెంటనే బుడగలొస్తే మెగ్నీషియం, టార్చ్ దగ్గరికి తేవద్దు. క్లోరిన్ ఉన్న క్లీనర్‌తో తుడిచిన భాగాన్నీ వేడి చేయొద్దు, విషవాయువు పుడుతుంది.

ప్రశ్న అడిగినవారు

వెనిగర్‌కు బుడగలు రాలేదు. చిల్లు గాస్కెట్ (కవరుకూ ఇంజన్‌కూ మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పొర) అంచుకు 6 మి.మీ. దూరంలోనే ఉంది.

జవాబు 1

అయితే ఎపాక్సీయే. అంత దగ్గర మంట పెడితే గాస్కెట్ కూర్చునే ముఖం వంగుతుంది, చిల్లు పూడినా అంచునుంచి కారుతుంది. ఆ ముఖానికి టేపు వేసి పని చేయండి. లోపలి అతుకు తిరిగే భాగాలకు తగలకూడదు. అక్కడ మెత్తటి బంకమట్టి పెట్టి కవరు బిగించి, ఇంజన్ చేత్తో తిప్పి విప్పితే ఎంత ఎడం ఉందో తెలుస్తుంది.

బిగించే ముందు బయట సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోసి అరగంట ఉంచండి. సుద్ద తడిస్తే ఎక్కడో సన్నరంధ్రం మిగిలినట్టే.

జవాబు 3

టార్చ్, రాడ్డు పద్ధతి పల్చటి రేకుకు వాడొద్దు. 1 మి.మీ. రేకు టార్చ్‌కు ఇట్టే కరిగిపోతుంది. దానికి అల్యూమినియం ముక్క, సీలెంట్, అల్యూమినియం రివెట్లు సరి. స్టీలు స్క్రూలు వేస్తే తేమ చేరి చుట్టూ అల్యూమినియమే తినేయబడుతుంది. ప్రెషర్ కుక్కరు, చక్రం రిమ్ము, పెట్రోల్ ట్యాంకు, గ్యాస్ గొట్టం మాత్రం ఇంట్లో అతకొద్దు, మార్చేయాలి.