అప్‌డేట్: లెగో చార్మినార్ గోడలో సందు పూడింది
లెగో మోడళ్లు గీసే లియోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో చార్మినార్ గీస్తుంటే, మూడు స్టడ్‌ల (ముక్క మీదుండే బొడిపెల) వెడల్పున్న గూట్లో పక్కకు తిప్పి పేర్చిన ప్లేట్లు (పలుచటి ముక్కలు) ఏడైతే సందు మిగులుతోంది, ఎనిమిదైతే పట్టట్లేదు అని అడిగాను కదా. తేలింది! సాయం చేసిన అందరికీ థాంక్స్.

గ్రిడ్ స్నాప్ (ముక్కల్ని గళ్ల ప్రకారం కూర్చోబెట్టే సెట్టింగ్) చూడమని, సాఫ్ట్‌వేర్ రీఇన్‌స్టాల్ చేయమని వచ్చిన సలహాలకి దీంతో సంబంధమే లేదు. లెక్క వేయమన్నవారి మాటే పనిచేసింది. ఎల్‌డ్రా (లియోక్యాడ్ వాడే లెగో ముక్కల లైబ్రరీ) కొలతల్లో ఒక్కో స్టడ్ చోటుకి 20 యూనిట్లు, ప్లేట్ మందం 8. గూడు 60, ఏడు ప్లేట్లు 56. మిగిలిన 4, అంటే 1.6 మిల్లీమీటర్లు, సరిగ్గా బ్రాకెట్ (L ఆకారపు ముక్క) నిలువు రేకు మందం! పక్కవైపు స్టడ్‌లున్న ఇటుక తీసేసి దాని చోట బ్రాకెట్ పెట్టాను.

గూడు రెండు స్టడ్‌లైతే ఈ తంటా ఉండదు, ఐదు ప్లేట్లు సరిపోతాయి. నిజం ముక్కలతోనూ కట్టాను, సందులో గోరు కూడా దూరట్లేదు.