జర్మనీ: బ్యాంకు కోడ్ లెటర్ రావట్లేదు, యాప్ తెరుచుకోవట్లేదు, హెల్ప్ ప్లీజ్

కొత్తగా_దిగా:
పొద్దుట్నుంచీ ఇదే పని, తల వాచిపోయింది. అకౌంట్ ఓపెనైందని బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. యాప్ మాత్రం యాక్టివేషన్ కోడ్ అడుగుతోంది, అది పోస్టులో వస్తుందట. ఎన్నాళ్లయినా రాదే! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే పాట వినిపించీ వినిపించీ కట్ చేస్తున్నారు. వీసా కోసం ముందే డబ్బు వేసిపెట్టిన బ్లాక్డ్ అకౌంట్‌లోంచి నెలనెలా రావాల్సిన 992 యూరోలు అక్కడే ఇరుక్కుపోయాయి. అడ్రస్ కరెక్టే, మళ్లీ మళ్లీ చూసుకున్నా. ఎవరైనా చెప్పండి.

పొడిమాట:
లెటర్‌బాక్సు మీద నీ పేరుందా?

రేడియో_రుసుము:
లెటర్‌బాక్సు మాటొచ్చింది కాబట్టి ఇదీ తెలుసుకో. సిటీ రిజిస్ట్రేషన్ అయ్యాక రుండ్‌ఫుంక్‌బైట్రాగ్, అంటే రేడియో, టీవీ రుసుము వాళ్ల ఉత్తరం వస్తుంది. ప్రకటన కాగితమనుకుని పారేస్తారు మనవాళ్లు. నెలకి 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాల్సిందే. కాకపోతే అది మనిషికి కాదు, ఇంటికి. షేరింగ్ ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే వాళ్ల తొమ్మిదంకెల బైట్రాగ్ నంబరు రాసి పంపితే చాలు. జవాబివ్వకుండా ఊరుకుంటే నీ పేరు మీద విడిగా లెక్క మొదలవుతుంది, పాత నెలలతో సహా.

కొత్తగా_దిగా:
అన్నా, నా గోల బ్యాంకు గురించి. బాక్సు మీద ఫ్లాట్ తీసుకున్నాయన పేరే ఉంది. నేను ఆయన దగ్గర ఒక రూము సబ్‌లెట్‌కి తీసుకున్నా. ఫ్లాట్ నంబర్ రాశాగా, పోస్ట్‌మాన్ వెయ్యడా?

పొడిమాట:
వెయ్యడు. ఇక్కడ చూసేది పేరు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కే.

రైన్‌గట్టు:
సబ్‌లెట్ అని మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు తమ్ముడూ. ఇవాళే ఆయన్ని అడిగి బాక్సు మీదా, కింద కాలింగ్ బెల్ మీదా నీ పేరు అతికించు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే, పెద్ద అక్షరాల్లో. ముద్దుపేరు, పొడి అక్షరాలు వద్దు. పైన వాన పడినా చెరగకుండా టేపు వెయ్యి. చాలా బాక్సుల్లో పేరు చీటీ ప్లాస్టిక్ కింద దూర్చేలా ఉంటుంది, గోటితో లాగితే బయటికొస్తుంది.

ఆ తర్వాతే బ్యాంకుకి చెప్పు. ఉత్తరం తిరిగొచ్చిందంటే వాళ్లు నీ అడ్రస్‌ని తప్పుగా గుర్తుపెట్టుకుని ఉండొచ్చు, అప్పుడు ఊరికే మళ్లీ పంపమంటే పంపరు. అడ్రస్ ధ్రువీకరించి, పేరు కింది లైన్లో కేరాఫ్ అని ఆయన పేరు కూడా చేర్చమను. కార్డూ పిన్నూ ఒకే కవరులో రావు, విడివిడిగా వస్తాయి. ఒకటొచ్చిందని రెండోదానికి కంగారు పడకు.

ఇక 992 సంగతి. దానికి కార్డూ యాప్ అక్కర్లేదు, ఐబాన్, అంటే నీ బ్యాంకు అకౌంట్ నంబరు, ఉంటే చాలు. అకౌంట్ ఓపెనైన మెయిల్లోనో, దానితో వచ్చిన కాంట్రాక్ట్ పీడీఎఫ్‌లోనో డీఈతో మొదలయ్యే 22 అక్షరాల నంబరు ఉందేమో చూడు. అది బ్లాక్డ్ అకౌంట్ వాళ్ల పోర్టల్లో ఎక్కించు. కొందరు పాస్‌పోర్టు, వీసా కాపీతో సరిపెడతారు, కొందరు సిటీ రిజిస్ట్రేషన్ కాగితం కూడా అడుగుతారు. అది అయిందా నీకు?

కొత్తగా_దిగా:
ఐబాన్ ఉంది! రిజిస్ట్రేషన్ అంటే యూనివర్సిటీదా? అయింది.

రైన్‌గట్టు:
అది కాదు, అన్‌మెల్డుంగ్, అంటే సిటీలో నీ అడ్రస్ నమోదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు బ్యూర్గర్‌ఆమ్ట్ అనే సిటీ ఆఫీసులో చెయ్యాలి. రెంటల్ కాంట్రాక్ట్ ఒక్కటే తీసుకెళ్తే తిప్పి పంపుతారు. వోనుంగ్స్‌గేబర్, అంటే నీకు ఇల్లిచ్చినవాళ్లు, నువ్వు అక్కడ దిగావని సంతకం చేసిన ఫారం ఉండాలి.

తాత్కాలికం:
సబ్‌లెట్ టెంపరరీ కదండీ. మూడు నెలల దాకా అక్కర్లేదని రూల్.

రైన్‌గట్టు:
ఆ మూడు నెలల వెసులుబాటు బయటి దేశాల్లో ఇల్లుండి, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి. చదువుకోడానికి వచ్చి కాపురం పెట్టినవాడికి కాదు.

తాత్కాలికం:
రూమ్ టెంపరరీ అన్నాను, మనిషిని కాదు.

పొడిమాట:
రూమ్ కాదు, మనిషినే చూస్తారు.

రైన్‌గట్టు:
సబ్‌లెట్‌లో ఆ ఫారం మీద అసలు ఇంటి ఓనరే సంతకం చెయ్యాలని లేదు, నీకు రూమిచ్చినాయన చేసినా చెల్లుతుంది. చెయ్యనంటే ఆ సంగతి ఆఫీసులో వెంటనే చెప్పు. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే వెయ్యి యూరోల దాకా జరిమానా ఆయనకే. దిగకుండా దిగినట్టు దొంగ ఫారం రాయించుకోవడం మాత్రం వద్దు, అలా ఇచ్చినవాళ్లకి జరిమానా 50,000 యూరోల దాకా. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే పొద్దున్నే పేజీ రిఫ్రెష్ చేస్తుండు, క్యాన్సిలైన స్లాట్లు అప్పుడు పడతాయి. ఆలస్యమైతే చూపించడానికి బుకింగ్ మెయిల్ దాచుకో. రిజిస్ట్రేషన్ అయ్యాక పన్ను నంబరు కూడా పోస్టులోనే వస్తుంది, బాక్సు మీద చీటీ పీకెయ్యకు.

రేడియో_రుసుము:
నేను చెప్పిన ఉత్తరం కూడా దాంట్లోకే వస్తుంది.

కొత్తగా_దిగా:
పేరు అతికించా, ఐబాన్ ఎక్కించా. థ్యాంక్స్ అన్నా. ఫారం అడిగితే ఆయన ఫోన్ ఎత్తట్లేదు, మళ్లీ చేస్తా.

తాత్కాలికం:
ఇంతకీ రూము వారానికి బుక్ చేసిన హాలిడే ఫ్లాట్ అయితే?